డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళ జీవన నాణ్యతను వృద్ధాశ్రమంలో కొలవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు వృద్ధాశ్రమాలు నడిపేవాళ్ళు, వాటిలో పనిచేసే నర్సులు, అమ్మనో నాన్ననో అక్కడ ఉంచి దూరాన ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "బాగుండారో లేదో ఎట్ట తెలుస్తుంది?" ఫోన్ చేస్తే "బాగున్నారు సార్, టయానికి తింటున్నారు, నిద్రపోతున్నారు" అని జవాబు వస్తుంది. బీపీకి రిజిస్టరు ఉంటుంది, షుగరుకి ఉంటుంది, బరువుకి ఉంటుంది. ఆ మనిషికి రోజు ఎలా గడుస్తోందో రాసే పేజీ మాత్రం ఉండదు.

ఆ పేజీ ఎలా తయారు చేసుకోవాలో వరసగా చెబుతాను. పది పదిహేను మంది ఉండే చిన్న ఆశ్రమంలో ఒక నర్సు, ఒక ఆయా కలిసి చేసుకోగలిగిన పద్ధతి ఇది. మొదటే ఒక మాట పట్టుకోండి: డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన మెల్లమెల్లగా తగ్గిపోయే జబ్బు వచ్చి మతి తప్పిందని చెప్పి మనిషిని అడగడం మానేయకూడదు. ఆ మనిషిని అడిగాకే ఇంకొకరిని అడగాలి.

1. ఏం కొలుస్తున్నారో ముందు తేల్చుకోండి

జీవన నాణ్యత అంటే జ్ఞాపకశక్తి పరీక్ష కాదు. ఇవాళ ఏ వారమో చెప్పలేని మనిషి హాయిగా ఉండొచ్చు, అన్నీ చెప్పగలిగిన మనిషి లోపల కుమిలిపోతూ ఉండొచ్చు. పరిశోధనల్లో పదేపదే తేలింది కూడా ఇదే. పెద్దవాళ్ళు తమ జీవితం గురించి తాము చెప్పే మాటకీ, జ్ఞాపకశక్తి మార్కులకీ పెద్దగా సంబంధం ఉండదు. దిగులుకీ ఆ మాటకీ మాత్రం గట్టి సంబంధం ఉంటుంది.

ఆశ్రమం నాణ్యత కూడా వేరే విషయం. దుప్పట్లు ఉతికారా, సీసీ కెమెరాలు ఉన్నాయా, గదికి ఏసీ ఉందా అన్నవి చూడాల్సినవే. కానీ అవన్నీ సవ్యంగా ఉన్న గదిలో కూర్చుని ఒక పెద్దామె పొద్దుననుంచి సాయంత్రం దాకా ఒక్కరితోనూ మాట్లాడకపోవచ్చు. మనకు కావాల్సింది ఆమె వైపునుంచి కనిపించే సంగతి: ఒంట్లో ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, పక్కన ఎవరున్నారు, రోజంతా ఏం చేస్తోంది, తన మాటకి విలువ ఉందా.

ఎందుకు కొలుస్తున్నారో కూడా ముందే రాసుకోండి. ఆ ఒక్క మనిషి సంరక్షణ మార్చడానికా? ఆశ్రమంలో కొత్తగా ఏదైనా మొదలుపెట్టి ముందూ వెనకా చూడటానికా? కుటుంబానికి చెప్పడానికా? ఈ మూడిట్లో ఒకటి పెట్టుకోండి. ఈ అంకెలతో మా ఆశ్రమం మీ ఆశ్రమం కంటే మేలు అని చెప్పుకోవడానికి మాత్రం వాడొద్దు. ఆ రోజునుంచి అంకెలు నిజం చెప్పడం మానేస్తాయి.

2. దశను బట్టి స్కేలు ఎంచుకోండి

స్కేలు అంటే కొన్ని అంశాలు అడిగో చూసో మార్కులు వేసే ఫారం. అందరికీ ఒకే స్కేలు సరిపోదు. వ్యాధి ఏ దశలో ఉందో చూసిన డాక్టరునే అడగండి. ఎంఎంఎస్ఈ అనే జ్ఞాపకశక్తి పరీక్షలో చదవడం, రాయడం ఉంటాయి కాబట్టి బడి మొహం చూడని పెద్దవాళ్ళకి ఆ మార్కులు ఉన్నదానికంటే తక్కువ వస్తాయి. ఆ ఒక్క అంకె పట్టుకుని "ఈమె జవాబు చెప్పగలిగే స్థితిలో లేదు" అని తీసి పక్కన పెట్టొద్దు.

- మాట్లాడగలిగినవాళ్ళకి: క్యూఓఎల్-ఏడీ (QOL-AD), అల్జీమర్స్ ఉన్నవాళ్ళ జీవన నాణ్యత స్కేలు. 13 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 4, మొత్తం 13 నుంచి 52. ఎక్కువ వస్తే మేలు. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అవే అంశాలు సంరక్షకులని అడగడానికి వేరే ఫారం ఉంది.
- తొలి, మధ్య దశల్లో ఇంకొంచెం లోతుగా కావాలంటే: డెమ్‌క్వాల్. మనిషిని అడిగే దాంట్లో 28 ప్రశ్నలు, సంరక్షకులని అడిగే దాంట్లో 31. ఆశ్రమంలో మొదటిసారి చేసేవాళ్ళకి ఇది బరువు.
- మాట పోయినవాళ్ళకి: క్వాలిడ్. 11 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 11 నుంచి 55. గడిచిన వారం రోజుల్లో దగ్గరుండి చూసినవాళ్ళని అడిగి నింపాలి. ఇందులో తక్కువ వస్తే మేలు, ఎక్కువ వస్తే కష్టం.
- ఆశ్రమ జీవితానికే తయారైనది: నెదర్లాండ్స్‌లో రూపొందిన క్వాలిడెమ్, 37 అంశాలు. బాగా ముదిరిన దశకి అందులోవే 18 అంశాలు వాడతారు. సిబ్బంది నింపుతారు.

మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా: క్యూఓఎల్-ఏడీ, క్వాలిడ్. ఈ రెండూ చాలు. వీటికి హక్కుదారులు ఉంటారు. వాడుకోవడానికి అనుమతి అడగండి, తెలుగు ప్రతి ఉందేమో కనుక్కోండి. ఎవరికి తోచినట్టు వాళ్ళు అనువదించుకుంటే ఈ నెల అంకెని వచ్చే నెల అంకెతో పోల్చలేరు.

3. కొలిచే ముందు వారం

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మనిషి ఒంట్లో బాగలేని రోజు కొలిచి, దానికి జీవన నాణ్యత అని పేరు పెడతారు. కొలిచే ముందు ఇవన్నీ చూసుకోండి:

☐ కళ్ళద్దాలు ఆమెవేనా? అద్దాలు తుడిచారా? పక్క మంచం వాళ్ళవి మారిపోవడం ఆశ్రమాల్లో మామూలే.
☐ వినికిడి మిషన్‌కి బ్యాటరీ ఉందా? చెవిలో గుబిలి ఉందా?
☐ పళ్ళ సెట్టు సరిగ్గా కూర్చుందా, చిగుళ్ళు ఒరుసుకుపోయాయా?
☐ విరేచనం అయి ఎన్నాళ్ళయింది?
☐ మూత్రంలో మంట, జ్వరం, వాసన ఉన్నాయా?
☐ ఈ రెండు వారాల్లో నిద్రమాత్ర గానీ, గొడవ చేయకుండా ఉండటానికి ఇచ్చే మందు గానీ కొత్తగా మొదలుపెట్టారా, డోసు మార్చారా?
☐ నొప్పి ఉందా?

నొప్పి గురించి కొంచెం ఆగి చెప్పాలి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్ళు ఉంటారు. వెన్ను వంగదు, మెడ తిరగదు. నోటితో చెప్పగలిగినన్నాళ్ళూ చెప్పి ఉంటారు. డిమెన్షియా ముదిరాక నొప్పి అని చెప్పలేరు. స్నానం చేయించేటప్పుడు కొడతారు, బట్టలు మార్చబోతే అరుస్తారు. సిబ్బంది దాన్ని "మొండి" అని రాసేస్తారు. నొప్పి తగ్గించకుండా కొలిస్తే వచ్చేది నొప్పి కొలత.

చెప్పలేనివాళ్ళ నొప్పికి పెయినాడ్ అనే చిన్న స్కేలు ఉంది. ఊపిరి తీసే తీరు, మూలుగు, మొహం, ఒంటి బిగువు, ఊరడిస్తే ఊరుకుంటారా లేదా అన్న ఐదు సంగతులు చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 వేస్తారు. మొత్తం 10. మనిషి కదలకుండా పడుకున్నప్పుడు కాదు, లేపి కూర్చోబెట్టేటప్పుడు, పక్కకి తిప్పేటప్పుడు చూడండి. అసలు నొప్పి అప్పుడే బయటపడుతుంది.

నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో ఉన్నట్టుండి మారిపోతే, ఎప్పుడూ లేనంత మత్తుగా ఉన్నా, లేనిది కనిపిస్తోందని కేకలు పెడుతున్నా ఫారం మూసేసి డాక్టరుకి చూపించండి. ఇన్‌ఫెక్షన్ వల్లనో మందు వల్లనో ఉన్నట్టుండి మతి చెదిరే డెలిరియం కావొచ్చు. తగ్గాక కొలుద్దురు గాని.

దిగులు అనుమానం ఉంటే డాక్టరుతో కార్నెల్ స్కేలు వేయించండి. డిమెన్షియా ఉన్నవాళ్ళలో డిప్రెషన్‌ని చూడటానికి తయారైన 19 అంశాల స్కేలు అది. డిప్రెషన్‌కి వైద్యం ఉంది, అది తగ్గితే మనిషి తన జీవితం గురించి చెప్పే మాటే మారొచ్చు.

ఇక రోజు, వేళ. కొత్తగా చేరినవాళ్ళని మొదటి మూడు నాలుగు వారాలు కుదురుకోనివ్వండి. కొడుకు వచ్చి వెళ్ళిన మర్నాడు, పండగ రోజు, ఆశ్రమంలో ఎవరైనా పోయిన వారం వద్దు. పొద్దున టిఫిన్ అయ్యాక తొమ్మిదిన్నర, పదకొండు మధ్య మంచి వేళ. సాయంత్రం పొద్దు వాలాక చాలామందికి కంగారు పెరుగుతుంది. మే నెల నెల్లూరు ఎండలో, కరెంటు పోయిన గదిలో ఎవరిని అడిగినా బాగుందని చెప్పరు.

4. ఒక పేజీ జీవిత కథ

కొలవబోయే మనిషి ఎవరో తెలియకుండా కొలవొద్దు. ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి ఒక పేజీ రాసుకోండి: ఏ ఊరు, ఏం పని చేశారు, ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళు, కాఫీనా టీనా, పొద్దున లేవగానే ఏం చేసేవాళ్ళు, ఏ దేవుడు, దేనికి భయం, ఎవరి పేరు చెబితే మొహం వెలుగుతుంది, ఎవరి పేరు ఎత్తకూడదు.

తంగుటూరు పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు గ్రేడింగ్ చేసినామె చేతులు ఊరికే ఉండవు. దుప్పటి అంచు లాగుతూ, మడుస్తూ, విప్పుతూ ఉంటుంది. ఆ కథ తెలియని నర్సు దాన్ని "అశాంతి" అని రాస్తుంది. తెలిసిన నర్సు చేతికి ఏదైనా పని ఇస్తుంది. మైపాడు వైపు సముద్రం మీదకి వెళ్ళినాయన తెల్లారుజామున మూడింటికి లేచి తలుపు దగ్గర నిలబడితే అది నిద్రలేమి కాకపోవచ్చు. వేట వేళకి లేవడం ఆయనకి బతుకంతా అలవాటు.

5. ఒప్పుకోలు

ఇంట్లోవాళ్ళ సంతకం ఒక్కటే చాలదు. మనిషిని కూడా అడగాలి, కూర్చున్న ప్రతిసారీ అడగాలి. "మీరు ఇక్కడ ఎట్టుండారో నాలుగు మాటలు అడుగుతాను, మీకు ఇష్టమైతే చెప్పండి, వద్దంటే మానేస్తాను" అంటే చాలు. మొహం తిప్పుకున్నా, లేవబోయినా, చెయ్యి విదిలించినా అది వద్దనడమే. ఇంకో రోజు రండి. వచ్చిన కాగితాలు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు తీసి పెట్టొద్దు. ఆమె కోడలి గురించి చెప్పిన మాట ఆ గ్రూపులో తిరిగితే ఇంకెప్పుడూ మనసు విప్పదు.

6. మనిషినే అడగడం

మొత్తం పనిలో ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే.

ఎక్కడ, ఎలా కూర్చోవాలి: టీవీ ఆపండి. ఫ్యాను చప్పుడు ఎక్కువైతే తగ్గించండి. వెలుతురు మీ మొహం మీద పడేట్టు, ఆమె కళ్ళకి ఎదురుగా కుర్చీ వేసుకోండి. నిలబడి అడగొద్దు. ఆయా, మేనేజరు, కొడుకు ఎవరూ ఆ దగ్గర్లో ఉండకూడదు. అన్నం పెట్టే మనిషి ముందు అన్నం బాగలేదని ఎవరూ చెప్పరు.

పిలుపు: జీవిత కథ పేజీలో ఏముందో అలా పిలవండి. బడిపంతులుగా చేసినాయనని "మాస్టారూ" అంటే నిటారుగా కూర్చుంటారు. అందరినీ "తాతా", "అవ్వా" అనడం, "బుజ్జమ్మా" అని చంటిపిల్లల్లా మాట్లాడటం మానండి.

జవాబుల అలవాటు: క్యూఓఎల్-ఏడీలో నాలుగు జవాబులు ఉంటాయి: బాగలేదు, పర్లేదు, బాగుంది, చాలా బాగుంది. చదువుకున్నవాళ్ళకి పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి చేతికివ్వండి. చదువు రానివాళ్ళకి ప్రతి ప్రశ్నకీ నాలుగూ నోటితో చెప్పండి. అసలు ప్రశ్నల కంటే ముందు "పొద్దున కాఫీ ఎట్టుంది?" అని అడిగి చూడండి. నాలుగిట్లో ఒకటి ఎంచుకుని చెప్పగలిగితే మొదలుపెట్టొచ్చు. నవ్వే మొహం, ఏడ్చే మొహం బొమ్మలు వాడాలని చాలామంది అనుకుంటారు. ఆ బొమ్మలు చూసి "పాపం, ఈ పిల్లోడు ఏడుస్తా ఉండాడే" అని దాని గురించి మాట్లాడటం మొదలుపెడతారు. నేనైతే వద్దంటాను.

"బాగానే ఉంది" అన్న మాట దగ్గర ఆగొద్దు: మన పెద్దవాళ్ళు ఎదుటివాళ్ళని నొప్పించరు. మొదటి జవాబు మర్యాద కోసం చెప్పేదే అవుతుంది. ఇలా సాగొచ్చు:

"పెద్దమ్మా, ఇక్కడ ఉండటం ఎట్టుంది మీకు?"

"బాగానే ఉంది తల్లీ. మీరంతా బాగా చూసుకుంటా ఉండారు."

"పగలు ఎట్టుంటుంది, రాత్రిళ్ళు ఎట్టుంటుంది?"

"పగలు పర్లేదు. రాత్రి ఆ వరండా లైటు ఆర్పరు. కంటి మీద కొడతా ఉంటది. చెంగు కప్పుకుని పడుకుంటా."

"అయితే ఇక్కడ ఉండటం మొత్తం మీద... బాగలేదా, పర్లేదా, బాగుందా, చాలా బాగుందా?"

"పర్లేదు."

ఫారంలో 2 వేయండి. పక్కన "వరండా లైటు" అని రాయండి. ఆ 2 కంటే ఆ రెండు మాటలే ఎక్కువ పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: ఒక జవాబు మీద ఒకటే అదనపు ప్రశ్న, అదీ మంచికీ చెడుకీ సమానంగా తలుపు తెరిచేది. "లైటు ఇబ్బందిగా ఉందా?" అని మీరే అందిస్తే అది మీ జవాబు.

ఇబ్బంది పెట్టే అంశాలు కొన్ని ఉన్నాయి:

- దాంపత్యం: భర్త పోయినామెని ఈ ప్రశ్న నేరుగా అడిగి ఏడిపించొద్దు. తోడు లేనివాళ్ళకి, ఇప్పుడు అందరికంటే దగ్గరగా ఉన్న మనిషితో ఎలా ఉందని అడగాలని స్కేలు సూచనల్లోనే ఉంది. చెల్లెలు కావొచ్చు, కూతురు కావొచ్చు, పక్క మంచం ఆమె కావొచ్చు. ఎవరి గురించి అడిగారో రాసి పెట్టుకోండి, మళ్ళీసారి కూడా ఆ మనిషి గురించే అడగండి.
- కుటుంబం: పిల్లల్ని తప్పుపట్టరు. "మా వాడికి తీరిక లేదు" అని వెనకేసుకొస్తారు. జవాబు ఏది చెబితే అదే వేయండి. కళ్ళలో నీళ్ళు తిరిగితే అది పక్కన రాయండి, మార్కు మాత్రం మార్చొద్దు.
- డబ్బు: ఎంతుందని అడగడం కాదు. డబ్బు విషయంలో మీకు ఎలా అనిపిస్తోందని. పింఛను పుస్తకం ఎవరి దగ్గరుందో తెలియక మథనపడేవాళ్ళు ఉంటారు, ఆ దిగులు ఇక్కడ బయటపడుతుంది.
- పనులు: మగవాళ్ళు "నేనేం పని చేస్తాను, ఆడవాళ్ళు చూసుకుంటారు" అని దాటేస్తారు. ఆయనకి వర్తించే పని చెప్పి అడగండి. తన పక్క సర్దుకోవడం, చెట్లకి నీళ్ళు పోయడం.

మాట దారి తప్పితే: "నాయన ఇంకా చేలోనుంచి రాలేదు" అంటే ఆయన పోయి ముప్పై ఏళ్ళయిందని చెప్పొద్దు. "నాయన ఏం పండించేవాళ్ళు?" అని ఒక నిమిషం వినండి, తర్వాత మెల్లగా ప్రశ్నకి తీసుకురండి. మూడోసారికీ రాకపోతే ఆ అంశం ఖాళీగా వదిలి ముందుకి వెళ్ళండి. అలిసిపోతే కాసేపు ఆపి అదే రోజు పూర్తి చేయండి.

7. దగ్గరుండి చూసుకునేవాళ్ళని అడగడం

ఎవరిని? రోజూ స్నానం చేయించి, అన్నం తినిపించే ఆయాని. మేనేజరుని కాదు. ఆమెకి చదవడం ఇబ్బందైతే ప్రశ్నలు చదివి వినిపించండి. "ఇది నీ పని మీద మార్కులు కాదమ్మా" అని ముందే చెప్పండి. లేదంటే అన్నీ "చాలా బాగుంది" వస్తాయి.

ఏమని అడుగుతున్నారో తేల్చుకోండి. "నీకు ఎలా కనిపిస్తోంది?" ఒక ప్రశ్న. "ఆమెనే అడిగితే ఏమంటుంది?" ఇంకో ప్రశ్న. జవాబులు వేరుగా వస్తాయి. ఏదో ఒకటి పెట్టుకుని ఎప్పుడూ అదే అడగండి.

పెద్దవాళ్ళు తమకు తాము వేసుకునే మార్కుల కంటే పక్కవాళ్ళు వేసేవి మామూలుగా తక్కువ ఉంటాయి. అది అబద్ధం కాదు. చూసేవాళ్ళకి కోల్పోయినవి కనిపిస్తాయి, బతికేవాళ్ళకి మిగిలినవి కనిపిస్తాయి. ఇంకో కారణం కూడా ఉంది: చూసుకునేవాళ్ళు ఎంత అలిసిపోయి ఉంటే, ఎంత టెన్షన్‌లో ఉంటే అంత తక్కువ వేస్తారు. వరుసగా రెండు షిఫ్టులు చేసిన ఆయాని ఆ రాత్రి అడగొద్దు.

కొడుకో కూతురో నింపే ఫారం విడిగా ఉంచండి. నెలకోసారి వచ్చేవాళ్ళు చూసేది ఆ గంటనే.

8. చూసి రాసుకోవడం

మాట లేనివాళ్ళ దగ్గర కళ్ళే ఆధారం. క్వాలిడ్‌లో అడిగేవి ఇలాంటివి: నవ్వుతారా, దిగులుగా కనిపిస్తారా, ఏడుస్తారా, ఒళ్ళు ఇబ్బందిగా ఉన్నట్టుందా, తిండి ఇష్టంగా తింటారా, తాకితే సంతోషిస్తారా, మనుషులతో కలుస్తారా, ప్రశాంతంగా ఉంటారా.

దీనికి తోడు ఒక పూట పరిశీలన పెట్టుకోండి. బ్రాడ్‌ఫోర్డ్ యూనివర్సిటీలో రూపొందిన డిమెన్షియా కేర్ మ్యాపింగ్‌లో ప్రతి ఐదు నిమిషాలకీ మనిషి ఏం చేస్తున్నారో ఒక కోడు, మనసు ఎలా ఉందో +5 నుంచి -5 దాకా ఒక అంకె వేస్తారు. అది చేయాలంటే శిక్షణ ఉండాలి. శిక్షణ లేకుండా ఆ పేరు వాడొద్దు. అయితే ఐదు నిమిషాలకోసారి చూసే పద్ధతి మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు:

1. రెండు గంటలు ఎంచుకోండి. ఉదాహరణకి పది నుంచి పన్నెండు. కాగితం మీద 24 గళ్ళు గీయండి.
2. హాల్లో, వరండాలో మాత్రమే చూడండి. బాత్‌రూమ్, బట్టలు మార్చే చోటు వద్దు.
3. ప్రతి గడిలో మూడు మాటలు రాయండి: ఏం చేస్తున్నారు, పక్కన ఎవరు, మొహం ఎలా ఉంది.
4. సిబ్బంది మాట్లాడిన ప్రతిసారీ ఒక గీత గీయండి. "లే, పద, కూర్చో" అన్నవి ఒక వైపు, ఊరికే పలకరించినవి ఇంకో వైపు.

24 గళ్ళలో 18 గళ్ళు "కుర్చీ, ఒంటరిగా, కళ్ళు మూసుకుని" అని వస్తే నాలుగింట మూడు వంతుల పొద్దు అలా పోయిందన్నమాట. ఏ స్కేలూ ఇంత సూటిగా చెప్పదు.

చూస్తుండగా మనిషిని కుర్చీకి కట్టేయడం, కొట్టడం, తిట్టడం కనిపిస్తే కొలవడం అక్కడితో ఆపండి. బాధ్యులకి చెప్పండి. వినకపోతే వయోవృద్ధుల ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.

9. లెక్క

క్యూఓఎల్-ఏడీ 13 అంశాలు కూడండి. ఒకటి, మహా అయితే రెండు ఖాళీ ఉంటే మిగతా జవాబుల సగటు అక్కడ వేయొచ్చు. 12 జవాబుల మొత్తం 30 అయితే సగటు 2.5, అంటే మొత్తం 32.5. అంతకంటే ఎక్కువ ఖాళీలుంటే మొత్తం వేయొద్దు, వచ్చిన జవాబులే చదవండి.

మనిషి మార్కునీ సంరక్షకుల మార్కునీ కలిపే లెక్క ఒకటుంది. మనిషి మార్కుని రెట్టింపు చేసి, సంరక్షకులది కూడి, 3తో భాగిస్తారు. ఆమె 34, ఆయా 28 వేస్తే 68, 28 కలిపి 96, దాన్ని 3తో భాగిస్తే 32. పరిశోధనకి అది పనికొస్తుంది. సంరక్షణకి మాత్రం రెండూ విడివిడిగానే ఉంచండి. ఆ ఆరు పాయింట్ల తేడా ఏ అంశాల దగ్గర వచ్చిందో చూస్తేనే పని తెలుస్తుంది.

10. మామూలుగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

- పోయినసారి మనిషి చెప్పిన మార్కుని, ఈసారి ఆయా చెప్పిన మార్కుతో పోల్చడం. దిద్దుబాటు: ఎవరు చెప్పారో ఫారం పైనే పెద్దగా రాయండి. పోలిక ఎప్పుడూ ఒకే మనిషి మాటల మధ్యే ఉండాలి.
- క్వాలిడ్‌లో 20 నుంచి 30కి పెరిగితే బాగుపడ్డారనుకోవడం. దిద్దుబాటు: ఫారం మీద "తక్కువైతే మేలు" అని ఎర్ర ఇంకుతో రాయండి.
- ఒకటి రెండు పాయింట్ల తేడాకి ఇంట్లోవాళ్ళకి కంగారు పుట్టించడం. దిద్దుబాటు: ఆ మాత్రం తేడా రాత్రి నిద్రని బట్టి కూడా వస్తుంది. మళ్ళీ కొలిచేదాకా ఆగండి.
- ఆశ్రమం మొత్తానికి సగటు తీసి గోడకి అంటించడం. దిద్దుబాటు: పది మంది సగటులో ఒక్కరి ఏడుపు కనిపించదు. ఒక్కొక్కరి ఫైలు విడిగా చూడండి.
- మధ్యలో అడిగే మనిషి, వేళ మారిపోవడం. దిద్దుబాటు: ఇద్దరికి నేర్పించి ఉంచండి. మారక తప్పకపోతే ఆ సంగతి రాయండి.
- ఫారాలు నింపి బీరువాలో పెట్టేయడం. దీనికి దిద్దుబాటు కింద 11లో ఉంది.

11. కొలిచినదాన్ని రోజులోకి తేవడం

కొలిచిన వారంలోనే పావుగంట కూర్చోండి: నర్సు, ఆ ఆయా, వంట మనిషి, కుదిరితే ఫోన్‌లో ఇంట్లోవాళ్ళు. మొత్తం మార్కు చదవొద్దు. 1 గానీ 2 గానీ పడిన అంశాలు, పక్కన రాసుకున్న మాటలు చదవండి. వాటిలోనుంచి ఒక్క మార్పు ఎంచుకోండి. ఐదు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, రెండో వారానికి ఐదూ ఆగిపోతాయి.

పొదలకూరు వైపు నిమ్మతోట చేసిన పెద్దాయన ఉన్నారనుకోండి. పొద్దంతా కుర్చీలో కళ్ళు మూసుకునే ఉంటున్నారని గళ్ళ కాగితం చెప్పింది. టిఫిన్ అయ్యాక ఒక బుట్టెడు నిమ్మకాయలు ముందు పెట్టి "అయ్యా, వంటింట్లోకి పెద్దవి కావాలంట, ఏరిపెడతారా?" అని అడగండి. కాయ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో తొక్క నొక్కి, తిప్పి చూసి పక్కన పెట్టడం ఆ చేతులకి తెలుసు. ఏరిన కాయలు నిజంగానే వంటింట్లోకి వెళ్ళాలి. ఊరికే చేయించి మళ్ళీ బుట్టలో కలిపేస్తే అది అవమానం, మతి లేకపోయినా అది తెలుస్తుంది. రెండు మూడు వారాలు నడిపి, అవే రెండు గంటలు మళ్ళీ గళ్ళు నింపండి. కళ్ళు తెరిచిన గళ్ళు పెరగకపోతే ఆ పని ఆయనకి నచ్చలేదని అర్థం. ఇంకోటి చూడండి.

వరండా లైటు సంగతికి ఖర్చు లేదు. ఆర్పేసి, బాత్‌రూమ్ దారిలో కింద చిన్న నైట్ ల్యాంప్ పెడితే పడిపోతారన్న భయమూ ఉండదు.

ఇంట్లోవాళ్ళకి చెప్పేటప్పుడు అంకెతో మొదలుపెట్టొద్దు. "అమ్మ రాత్రిళ్ళు లైటు వల్ల ఇబ్బంది పడుతున్నారు, మార్చాం. మీ చెల్లెలి పేరు చెబితే నవ్వుతున్నారు, ఆమెని ఒకసారి ఫోన్ చేయమనండి" అని చెప్పండి. అంకె అడిగితే అప్పుడు చెప్పండి.

12. మళ్ళీ ఎప్పుడు?

మూడు నెలలకోసారి చాలు. ఆసుపత్రిలో ఉండి వచ్చాక, గది మార్చాక, రోజూ చూసే ఆయా మానేశాక కుదురుకోవడానికి కొంత వ్యవధి ఇచ్చి అదనంగా ఒకసారి.

జవాబులు చెప్పలేని స్థితి వచ్చినప్పుడు క్యూఓఎల్-ఏడీ నుంచి క్వాలిడ్‌కి మారండి. మారిన తేదీ రాసి, పాత అంకెల కింద గీత గీయండి. రెండింటినీ ఒకే గ్రాఫులో కలపొద్దు. చివరి రోజుల్లో స్కేళ్ళన్నీ పక్కన పెట్టి పెయినాడ్ ఒక్కటే ఉంచండి.

మనిషిని ఇంటికి తీసుకెళ్ళినా, ఇంకో ఆశ్రమానికి మార్చినా, ఆసుపత్రిలో చేర్చినా మందుల చీటీతో పాటు జీవిత కథ పేజీ, ఆఖరి ఫారం కూడా పంపండి. చీటీ వెనక పెద్ద అక్షరాలతో మూడు లైన్లు రాయండి: ఏమని పిలిస్తే పలుకుతారు, దేనికి భయపడతారు, నొప్పి వస్తే ఎలా తెలుస్తుంది. అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు మొత్తం ఫైలు చదవకపోయినా ఆ మూడు లైన్లు చదువుతుంది.